తోకలున్న జిగురు

చేతికి కెమిస్ట్రీ డిగ్రీ వచ్చిన ఆ రోజుల్లో, నాకు అర్థం కానిదంటూ ఏదైనా ఉంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదేమో అనుకునేదాన్ని. ఆ నమ్మకంతోనే కల్లూరులో ఒక చిన్న రంగుల ఫ్యాక్టరీలో చేరాను. (ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, కొన్ని నీలం డ్రమ్ములు, ఓనరు వైపు మాత్రమే తిరిగే ఫ్యాను.) గోడ మీద రంగు కారిపోతోందని కొట్లవాళ్లు డబ్బాలు వెనక్కి పంపుతుంటే, ఓనరు చిక్కబరిచే పొడి ఒకటి తెప్పించి, "సదువుకున్నదానివి కదమ్మా, నువ్వే చూసుకో" అన్నాడు. ఆ పొడి వేసి కలిపే మొదటి డ్రమ్ము రంగు బాగా వస్తేనే నా ఉద్యోగం నిలిచేది.

ఆ పొడి చెట్ల పీచు నుంచి చేసిన జిగురు. నీళ్లంటే దానికి ప్రాణం. కానీ దానికి అక్కడక్కడా నీళ్లంటే గిట్టని నూనె తోకలు తగిలించి ఉంటారు. నీళ్లలో ఆ తోకలు ఒకదాన్నొకటి వెతుక్కుని, ముడిపడి, వలలా అల్లుకుంటాయి. రంగు చిక్కబడేది అందుకే. ఇదంతా రంగులు కలిపే డ్రమ్మక్కకు (అందరూ అలాగే పిలిచేవాళ్లు) గొప్పగా చెప్పాను.

"అయితే దానికి నీళ్లంటే ఇష్టమా, కాదా పాపా?"

"రెండూనక్కా."

"నీళ్లు పోసుకోమంటే మా ఇంటాయన కూడా ఇట్లే చేస్తాడు" అని, నేను పొడి వేస్తుంటే కట్టెతో రంగు కలపసాగింది. కాసేపటికి, "నీళ్ల మాదిరే ఉండాది పాపా" అంది. ఇంకాస్త పొడి వేశాను. మళ్లీ అదే మాట. మరికాస్త వేసి, ఇద్దరం టీకి వెళ్లాం. (నానడానికి టైము పడుతుందని ప్యాకెట్టు వెనక రాసి ఉందట. నేను ముందువైపే చదివాను.) తిరిగొచ్చేసరికి డ్రమ్ము మధ్యలో కట్టె ఎవరూ పట్టుకోకుండానే నిలబడి ఉంది.

గాభరాగా ఫోనులో వెతికితే, సబ్బు ఆ ముడులను విప్పుతుందని కనిపించింది. సబ్బునీళ్లు కొంచెం పోశాను. అది ఇంకా బిగుసుకుంది! "సబ్బేస్తే జారల్ల కదా పాపా, ఇదేంది రాయైతాండాది?" అంది డ్రమ్మక్క. నాకేం తెలుసు? కళ్లు మూసుకుని సబ్బునీళ్ల డబ్బా మొత్తం వంచేశాను. అక్క రెండు చేతులా కట్టె తిప్పింది. అంతే, గట్టిపడ్డదంతా ఒక్కసారిగా పలచటి మజ్జిగైపోయి, నురగ పొంగి మా కాళ్ల మీదుగా గుమ్మం దాటింది. సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చాడు.

"ఏమ్మా, రంగు కలుపుతాండావా, బట్టలుతుకుతాండావా?"

"సార్, తోకలు... తోకలు విడిపోయాయి సార్."

"యాడ తోకలు? ఎలకేమన్నా పడిందా?" అంటూ ఆయన డ్రమ్ములోకి వంగి చూశాడు. లేచేసరికి మీసాలకు నురగ. డ్రమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన మీసం తుడుచుకుని, "ఇంకోసారి చెయ్. డ్రమ్ములో కాదు, చెంబులో" అన్నాడు.

చెంబులతోనే నేర్చుకున్నాను. కొంచెం సబ్బు ఆ ముడులను బిగిస్తుందనీ, ఎక్కువైతే ప్రతి తోకనూ విడిగా చుట్టేసి వలను తెంచేస్తుందనీ తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు కడపలో పెద్ద ఫ్యాక్టరీలో చేస్తున్నాను. ఒక్క చుక్క వేయాలన్నా కొలిచి, ఆలోచించి, మళ్లీ కొలుస్తాను. ఒక్కోసారి మాత్రం, మోకాళ్ల దాకా నురగలో నిలబడి కూడా తప్పు తనది కాదు, తను చదివిన కెమిస్ట్రీ పుస్తకాలదే అనుకున్న ఆ పిల్లను తలచుకుంటే, నవ్వుతో పాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది.