అత్తాకోడళ్ల స్కాన్‌లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, పాతబస్తీలో నేను పనిచేసే ఆస్పత్రిలో ఒక పరిశోధన మొదలైంది. వయసు పెరిగేకొద్దీ లాలాజల గ్రంథులు ఎలా మారతాయో ఎంఆర్ఐలో చూడాలి. చెవి కింద, దవడ పక్కన ఉండే పెరోటిడ్ గ్రంథిలో ఏళ్లు గడిచేకొద్దీ కొవ్వు చేరుతుంది. స్కాన్‌లో అది తెల్లగా కనిపిస్తుంది. నేను అక్కడ ఎంఆర్ఐ టెక్నీషియన్ని, కాంట్రాక్టు మీద. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పడుకోబెట్టి స్కాన్ తీయడం నా పని.

మొఘల్‌పురా నుంచి అత్తాకోడళ్లు ఒకేరోజు వచ్చారు. అత్త లక్ష్మమ్మకు అరవై దాటాయి, కోడలు సరితకు ముప్పై రెండు. ఫారంలోని ప్రశ్నలు కోడల్ని అడిగితే అత్తే జవాబు చెప్పింది.

"నోరు ఎండిపోతుంటుందా?"

"దానికేమైతది మేడం, మంచిగనే ఉంది. లేదని రాయుండ్రి."

లేదనే రాశాను. వెనక ఇంకా జనం ఉన్నారు.

మూడో రోజు రేడియాలజీ డాక్టర్ గారు పిలిచి తెర మీద రెండు స్కాన్‌లు చూపించారు. అత్త పేరున్న గ్రంథి బూడిద రంగులో, నిండుగా, పడుచువాళ్లదిలా ఉంది. కోడలి పేరున్నదాని నిండా తెల్లటి మచ్చలు.

"పేర్లు తారుమారు చేశావమ్మా. సరిచేసెయ్" అన్నారాయన.

నాకు మొదటి భయం ఉద్యోగం గురించే, దాచుకోవడం ఎందుకు. ఆ నెలాఖరుకే నా కాంట్రాక్టు అయిపోతుంది. పేర్లు మార్చడం రెండు నిమిషాల పని. మౌస్ అక్కడిదాకా తీసుకెళ్లాను కూడా. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. పొరపాటు నాది కాకపోతే? ముప్పై రెండేళ్లకే అన్ని మచ్చలంటే జబ్బే. జబ్బు కోడలిదైతే, దాన్ని నా చేతులతో నేనే కప్పెట్టేస్తున్నట్టు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, తప్పు నాదే కావాలని దేవుడికి మొక్కుకున్నాను.

మచ్చలున్న స్కాన్‌లో దవడ దగ్గర నల్లటి మరక ఉంది. దాన్ని ఆర్టిఫాక్ట్ అంటాం. నోట్లో లోహం ఉంటే బొమ్మ అక్కడ చెడిపోతుంది. ఫారంలు తీశాను. లోహపు కప్పు వేసిన పన్ను ఎవరికుందో మాత్రం ఆరోజు నేనే నోరు తెరిపించి చూసి రాశాను. కోడలికి ఉంది, అత్తకు లేదు.

పేర్లు సరిగ్గానే ఉన్నాయి. నా తప్పు లేదని తెలిసి అంత దిగులు పడింది ఆ ఒక్కసారే.

ఆ మాట చెప్పగానే డాక్టర్ గారు సరితను పిలిపించి రక్తపరీక్షలు, కళ్ల పరీక్ష చేయించారు. రిపోర్టులు తీసుకోవడానికి అత్తను వెంటబెట్టుకుని వచ్చిన రోజు ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"క్యాన్సరా మేడం?"

"డాక్టర్ గారు చెప్తారు" అనే మా మామూలు జవాబే ఇచ్చి, ఇద్దర్నీ ఆయన గదిలోకి తీసుకెళ్లాను.

క్యాన్సర్ కాదు, షోగ్రెన్స్ సిండ్రోమ్. ఒంట్లోని రక్షణ వ్యవస్థే లాలాజలం, కన్నీళ్లు తయారుచేసే గ్రంథుల మీద పడి వాటిని ఎండబెట్టే జబ్బు. మందులు వాడుతూ జాగ్రత్తగా ఉండాలని డాక్టర్ గారు వివరించారు. సరిత ఆయన్ని అడిగింది.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఒక్క చుక్క కండ్లనీళ్లు రాలె సార్. గది గూడ ఈ బీమారేనా?"

"అయ్యుండొచ్చమ్మా."

ఆమె అత్తవైపు తిరిగింది. "ఇంటున్నవా అత్తా?"

లక్ష్మమ్మ తల దించుకుంది. "నలుగుర్ల నేనే అన్న మేడం, దీనిది రాతిగుండె అని."

ఇప్పుడు పక్కవాళ్లను బయట కూర్చోబెట్టి, ఎవరి జవాబు వాళ్లనే అడుగుతాను. ఫారంలో లేని ప్రశ్న ఒకటి నేనే కలుపుకున్నాను, ఏడిస్తే కన్నీళ్లొస్తాయా అని. చాలామంది నవ్వుతారు. జవాబు వచ్చేదాకా నాకు మాత్రం నవ్వు రాదు.