ఛాతీలోకి ఎక్కిన పేగులు

కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముకునే నీలవేణికి, పెళ్లయిన చాన్నాళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు అమ్మడు. రెండేళ్లు నిండుతున్నా ఆ పిల్ల ఒంటికి తిండి పట్టలేదు. నాలుగు మెతుకులు తింటే కక్కేసేది, ఊరికే రొప్పేది. ఊళ్లో డాక్టర్లు నెమ్ము అన్నారు, మందులిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. భర్త ఎర్రన్న గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు పోయాడు. నడిసముద్రంలో ఉన్నన్నాళ్లూ అతనికి ఫోను అందదు.

ఒక పొద్దున అమ్మడు పాలు కక్కి, పెదాలు నల్లబడి, పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేలా ఊపిరి తీయసాగింది.

"గాలి సోకినాదే, తాయెత్తు కట్టిద్దుము" అంది అత్త జగ్గమ్మ.

నీలవేణి వినిపించుకోలేదు. నీచువాసన కొట్టే చీరతోనే పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. గొణుక్కుంటూ అత్తా వెంట వచ్చింది.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎడమవైపు ఛాతీలో నీరు చేరింది, సూది గుచ్చి తీయాలన్నాడు అక్కడి డాక్టరు. ఆ ఏర్పాట్లలో ఉండగా పిల్లల డాక్టరు కుసుమకుమారి వచ్చి ఎక్స్‌రే చూసింది. అమ్మడు ఛాతీకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

"ఆగండి. ఇక్కడ వినబడుతున్నది పేగుల చప్పుడు."

ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేయించి మళ్లీ ఎక్స్‌రే తీయించింది. పొట్టలో ఉండాల్సిన గొట్టం కొస ఛాతీలో చుట్టుకుని కనబడింది.

"చూడమ్మా, ఛాతీకీ పొట్టకీ మధ్య కండతో ఒక తెర ఉంటుంది. నీ బిడ్డకు పుట్టుకతోనే దానికి చిల్లుంది. అందులోంచి కడుపులోవి పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తున్నాయి. వెంటనే విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాలి."

"కడుపుతో ఉన్నపుడు నానేటి సేసినానో..."

"నువ్వు చేసిందేమీ లేదమ్మా."

ఆ మాట నీలవేణి చెవికెక్కలేదు. అంబులెన్సులో పిల్ల కళ్లు తేలేసినప్పుడల్లా "అమ్మడూ, నన్ను సూడే" అంటూ అరికాళ్లు రుద్దింది.

విశాఖలో సర్జన్ ఏదీ దాచలేదు. "పేగు మెలిపడింది. ఆలస్యమైతే కుళ్లిపోతుంది. ఆపరేషన్ చేసినా బతుకుతుందని మాటివ్వలేను. తండ్రేడీ?"

"సముద్రంలో ఉన్నాడు బాబూ."

జగ్గమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "వద్దే. కోసి సంపేత్తారు. రేపు నా కొడుకొచ్చి అడిగితే ఏటి సెప్తావు? ఇంటికి తీసుకుపోదుము. మన ఒళ్లోనే పోతాది."

"కొయ్యకపోయినా పోతాదంట కదత్తా. సూస్తా కూకోలేను నాను."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆపరేషన్ గది తలుపులు మూసుకోగానే వాటి ముందే నేలమీద కూర్చుంది. తన వేలితో తానే బిడ్డను చంపుకున్నానన్న ఊహ తప్ప ఇంకేదీ ఆమె బుర్రలో నిలవలేదు.

లోపల డొక్క కింద కోసి, పేగులను మెల్లగా కిందికి దించారు. నల్లబడిన చోట వెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ కప్పి కాచుకుంటే మళ్లీ ఎర్రటి రంగు తిరిగొచ్చింది. చిల్లు కుట్టేశారు.

గండం అక్కడితో గట్టెక్కలేదు. అమ్మడు మిషను మీదే ఊపిరి తీసుకుంది, జ్వరంతో కాలిపోయింది. కిందినుంచి పైదాకా గొట్టాలున్న ఆ ఒంటిని ఎక్కడ ముట్టుకోవాలో తల్లికి తెలియలేదు. చివరికి జ్వరం దిగి, సొంతంగా ఊపిరి అందుకున్నాక మిషను తీసేశారు. పిల్ల బొంగురుగా ఏడ్చింది.

బోటు ఒడ్డుకు చేరాక ఎర్రన్న ఫోను చేశాడు. నీలవేణి జరిగినదంతా చెప్పింది.

"ఒక్కర్తివే ఎలగ ఒప్పుకున్నావే?" అన్నాడు.

"మరెవులున్నారు?" అంది నీలవేణి. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.