సైదా మామ రాడ్లు తూచిన తక్కెడ

నిన్న పాత ఇనప సామాన్ల కొట్టు ముందు మన కాలపు పళ్లేల తక్కెడ కనిపించింది. చెయ్యి దానంతటదే పళ్లెం అడుగుకు పోయింది. కొట్లో పెరిగిన నా ఈడువాళ్లకు ఎందుకో తెలుసు. గుర్తుందిగా, తూకం కొట్టేయడానికి సరుకు వేసే పళ్లెం కింద అంటించే చింతపండు ముద్ద!

ఎనభైల్లో దాచేపల్లిలో మాది కిరాణా కొట్టు. రోజూ పొద్దున్నే ఆ ముద్ద అంటించడం నా పని.

ఒకరోజు లారీ మెకానిక్ సైదా మామ గోతంలో పాత కనెక్టింగ్ రాడ్లు మోసుకొచ్చాడు. ఒకే ఇంజన్లో వేసే రాడ్లన్నీ సమానంగా తూగాలట, లేకపోతే ఇంజను అదిరిపోతుందట. చెరో పళ్లెంలో ఒక రాడ్డు పెట్టాడు. కుడివైపు దిగింది. రాడ్లు అటుదిటు మార్చాడు. మళ్లీ కుడివైపే దిగింది. మెల్లగా ఆ పళ్లెం ఎత్తి అడుగున చూశాడు.

నాన్న చటుక్కున నా చెంప మీద కొట్టాడు.

"ఏందే ఇది? ఆడుకోటానికి నీకు తక్కెడే దొరికిందా?"

"పసిదాన్ని కొట్టమాక బావా," అన్నాడు మామ. "చానా ఏళ్లుగా పప్పూ ఉప్పూ నేను ఈడనేగా కొనేది."



ఆ తర్వాత రాడ్లు తెచ్చినప్పుడల్లా మామ నా వంక ఒక్క చూపు చూసేవాడు. నేను ముద్ద తీసేసేదాన్ని. ఆయన తూచుకుని వెళ్లగానే మళ్లీ అంటించేదాన్ని.

సాయంత్రం ఆయన భార్య కందిపప్పుకు వచ్చేది. ఆ అత్తకు తూచేటప్పుడు నేను ఒక్కసారి కూడా తియ్యలేదు.