తాత నుదుటి మీద బొట్టు

మొన్న మనవరాలు పట్టుబట్టి మెదక్ చిత్రశాలకు తీసుకుపోయింది. పూర్వం తహసీలు కచేరీగా ఉన్న రాతి భవనమది. లోపల అడుగు పెట్టగానే రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన గుప్పుమంది. కొత్త బొమ్మలు ఇంకా ఆరుతున్నాయట. నాకు మాత్రం ఆ వాసనతో పాటు వడ్లూ, చుట్టపొగా, వానకు నానిన మట్టిగోడా అన్నీ కలిసి వచ్చాయి. ఎందుకా అని తలెత్తితే ఎదురుగా గోడ మీద మా తాత.

మా చిన్నప్పుడు ఒక తిరుగుడు చిత్రకారుడు మా ఇంట్లో దిగి, నాయనమ్మ చేత జొన్నరొట్టెలూ, పచ్చిపులుసూ, పండగకు చేసిన మలీద ముద్దలూ వండించుకు తిని, రోజుకింత చొప్పున తాతను నూనెరంగుల్లో గీశాడు. బొమ్మలోని షేర్వాణీ అతని పెట్టెలోది, కత్తి కూడా అతనిదే. మా తాత జన్మలో ఎలుకను కూడా కొట్టి ఎరగడు. అయినా వచ్చినవాళ్లందరినీ ఆ బొమ్మ ముందు నిలబెట్టి, పోలిక కుదిరిందా లేదా అని అడిగి చంపేవాడు.

రజాకార్ల రోజుల్లో, నిజాం మీద పోరాడే సంఘం వాళ్లకు తాత అన్నం పెట్టాడని ఎవరో చాడీలు మోశారు. ఆయన్ను పట్టుకుపోవడానికి రామాయంపేట వైపు నుంచి మనుషులు వస్తున్నారని తెలియగానే నాయనమ్మ తాతను వడ్ల గరిసెలో కూర్చోబెట్టి మూత వేసింది. గన్నేరు పూలు కోసి దండ గుచ్చి బొమ్మకు వేసింది. పటానికి దండ పడిందంటే ఆ మనిషి లేనట్టే లెక్క. వాళ్లు గడప తొక్కేసరికి ఆమె నేల మీద కూలబడి శోకం మొదలుపెట్టింది.

"పోయిండు కొడుకా, మమ్ముల ఆగం జేసి పోయిండు. ఓ నా అయ్యా, చెప్పిన మాట ఇనకపోతివి, తానం జెయ్యమంటే కొట్లాడితివి, కూరల ఉప్పు లేదని గిన్నె ఇసిరేస్తివి..."

ఏడుపు సందులో ఎన్నేళ్ల లెక్కలో అన్నీ తీర్చుకుంటుంటే గరిసెలో మా తాతకు పౌరుషం వచ్చి లోపలి నుంచి దబ్బున గుద్దాడు.

"ఏందా సప్పుడు?" అన్నాడు వాళ్ల నాయకుడు.

"పందికొక్కులు కొడుకా. ఇంటాయన లేకపాయె, ఎవలు సూస్తరు?"

నాకు నవ్వాగక నాయనమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాననుకున్నారు. కానీ ఆ నాయకుడు బొమ్మనూ నాయనమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"దండేసినవు, పటానికి బొట్టేది? నీ మొఖాన బొట్టేంది మరి?"

నా నవ్వు ఎటో పోయింది. పొద్దున్నే మైనం రాసి, దాని మీద కుంకుమ అద్దుకున్న బొట్టు. పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాబట్టి అది ఉన్నదన్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

"తుడుసుకోను చేతులొస్తలేవు కొడుకా," అంది నాయనమ్మ. ఆ ఒక్క మాటా నటన కాదు. లేచి, బొటనవేలితో తన బొట్టును మైనంతో సహా తీసి, తాత బొమ్మ నుదుట ఒత్తింది. అది కాస్త ఎడమకు జారింది. వాళ్లు తలలు వంచుకుని వెళ్లిపోయారు.

యూనియన్ మిలిటరీ లారీలు వచ్చి రజాకార్లు పారిపోయేదాకా తాత పగలంతా గరిసెలోనే చచ్చి ఉన్నాడు. చనిపోయినందుకు కాదు, తనను పందికొక్కు అన్నందుకు మూతి ముడుచుకుని ఉండేవాడు. సంగతి తెలిసిన వీధివాళ్లెవరూ నోరు విప్పలేదు. వాకిట్లోకి వచ్చిన నాడు వెలుతురులో నాయనమ్మ బోసి నుదురు చూశాడు. నన్ను పంపి మైనం డబ్బా తెప్పించి తానే బొట్టు పెట్టాడు. ఎన్నడూ పెట్టి ఎరగడేమో, అది కనుబొమ్మ మీదికి దిగింది. నాయనమ్మ దాన్ని సరిచేయకుండానే ఆ సాయంత్రం బతుకమ్మ ఆడింది. తర్వాత బొమ్మ మీది మరక తుడవబోతే తాత అడ్డం పడ్డాడు.

"ఉండనియ్. అది నాది గాదు, నీది."

ఇల్లు అమ్మినప్పుడు ఆ బొమ్మ పాత సామానుతో ఎటో పోయింది. ఇప్పుడు గరిసెలు లేవు, మైనం డబ్బాలు లేవు, నా సంచిలో ఉన్నవి కూడా స్టిక్కర్లే. బొమ్మ కింద చీటీ అంటించారు: "పేరు తెలియని జమీందారు. నుదుటి తిలకం ఆయన భక్తికి నిదర్శనం." చెప్పులు పోతాయని గుడికే వెళ్లని మనిషి మా తాత.

మరక దగ్గరికి బొటనవేలు తీసుకుపోతే కాపలా మనిషి పరుగున వచ్చాడు. "ముట్టకుండ్రి అమ్మా."

"ముడుతలేను బిడ్డా, కొలుసుకుంటున్న," అన్నాను. సరిగ్గా నాయనమ్మ వేలంత ఉంది. చీటీ మార్చమని అడుగుదామనుకుని కూడా ఊరుకున్నాను. భక్తి అన్నది నిజమే, ఎవరిదన్నదే వాళ్లకు తెలియదు.