నాయన చల్లిన తెల్లపొడి

మా నాయన గొర్రెల మందనంతా అమ్మి, జమ్మలమడుగు దగ్గర రెండెకరాల చేను కొన్నాడు. అందులో సగం చౌడు. ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పూస్తుంది. వానొస్తే నీళ్లు ఇంకక వారందాకా నిలబడతాయి. జొన్న మొలిచినట్టే మొలిచి, పాలిపోయి చచ్చిపోతుంది. తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్లం, మాకు ఈ వ్యవహారం కొత్త.

చౌడుకు ఏదో తెల్లపొడి చల్లితే బాగవుతుందని, వేముల వైపు మంద తోలుకుపోయిన రోజుల్లో నాయన చూశాడట. పొడి పేరు మాత్రం గుర్తులేదు. తెల్లనివన్నీ పాలనుకునే మనిషి. మా దగ్గర తెల్లపొడికి కరువా? నాపబండలు పాలిష్ పట్టే మిషన్ల వెనక గుట్టలు గుట్టలుగా ఉంటుంది. అడగ్గానే ట్రాక్టరుకెత్తి మరీ పంపారు. ఊరికే వచ్చేదంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. నాయన రెండేళ్లు వరసగా గంపలతో మోసి చల్లాడు. చేను బాగుపడలేదు సరికదా, పైన పెచ్చు కట్టింది.

ఈ తూరి కూడా పైరు రాకుంటే చేను అమ్మేసి, మళ్లీ గొర్రెలు కొంటానన్నాడు. అరిగిపోయిన ఆ మోకాళ్లతో కొండల వెంట ఎలా తిరుగుతాడు? నాకు భయమేసింది.

మట్టి పరీక్ష చేయించి, ఊళ్లో వ్యవసాయం చూసే ఉద్యోగిని అడిగాను. వేయాల్సింది జిప్సం, మీరు వేసింది రాయి అని చెప్పిందా అమ్మాయి. రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండింట్లోనూ సున్నం ఉందంటుంది, మరి తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. నిమ్మకాయ తెమ్మని, మా పొడి మీదా, తన దగ్గరున్న జిప్సం మీదా పిండింది. మా ఇంట్లో బండల మీద నిమ్మరసం పడితే పొంగి మచ్చ పడుతుంది, మా ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది. మా పొడి కూడా అట్లాగే బుసబుస పొంగింది. జిప్సం ఉలకలేదు, పలకలేదు.

"రాయి కరగాలంటే పులుపు కావల్లన్నా. చౌడులో పులుపు యాడుంది? జిప్సం నీళ్లకే కరుగుతాది" అందామె.

పొంగేది పనికిరాదట, కదలనిది పనిచేస్తుందట. తల ఊపాను గానీ బుర్రకెక్కలేదు. ఇప్పటికీ సగమే ఎక్కింది.

ప్రొద్దుటూరు నుంచి జిప్సం తెచ్చి చల్లాం. గట్లు కట్టి నీళ్లు నిలిపి, ఉప్పు కిందికి దిగేలా మెల్లగా ఇంకనిచ్చాం. తర్వాతి వానకు నీళ్లు మర్నాటికల్లా భూమిలోకి దిగిపోయాయి. జొన్న నిలబడింది, కోశాం కూడా. నాయన మాత్రం నమ్మలేదు. ఒక కారు పంట పండినంత మాత్రాన చాలదు, గొర్రె చెప్పాలన్నాడు. మట్టిలో ఉప్పు ఉన్నచోట గొర్రె ఆగి నాకుతుంది. మంద కాసేవాళ్లకు అదే పరీక్ష.

కోతయ్యాక, ఇంకా గొర్రెలు కాస్తున్న మా మామ మందను నాయన చేలోకి తోలించాడు. గొర్రెలు జొన్న మోళ్లు కొరుక్కుంటూ ఆ చౌడు మూల దాటిపోయాయి. ఒక్కటీ మట్టికి నాలుక ఆనించలేదు. సంతోషంగా నాయన వైపు తిరిగాను. ఆయన కళ్లలో నీళ్లు. సంతోషమేనేమో అనుకున్నాను.

"రెండేండ్లు ఈ చేనికి రాళ్లు తినిపిచ్చినానబ్బీ. నోరు లేంది, ఎట్ల చెప్తాది?" అన్నాడు.

చేను మిగిలినందుకు నవ్వాలో, ఆయన్ని ఓదార్చాలో తెలియక పక్కనే నిలబడ్డాను.