గేటు దగ్గర చెబుదామనుకున్న మాట

మా అమ్మ పైడమ్మ హిందీ ప్రాంతమైన గుఢియారీలో ఒక లేడీ డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది. డాక్టరమ్మకు తెలుగు రాదు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ల పెళ్లాలకు హిందీ రాదు. మధ్యలో మా అమ్మే నోరు. నన్ను తిట్టేటప్పుడు ఊపిరి కూడా తీసుకోని ఆ నోరు ఒక్కసారి మూతపడింది.

1994లో రమణమ్మ వచ్చింది. గ్యాంగ్‌మన్ భార్య, ఇద్దరు ఆడపిల్లల తల్లి. రెండో కాన్పులో చచ్చి బతికింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. మొగుడు జాగ్రత్త పడడు, అత్త బంగారమ్మకు మనవడు కావాలి. అందుకే మొగుడితో కలిసిన మర్నాడే ఎవరికీ చెప్పకుండా పరుగెత్తుకొచ్చింది. గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రలనే డాక్టరమ్మ ఎక్కువ మోతాదులో ఇచ్చింది. ఇప్పుడు నాలుగు, పన్నెండు గంటలయ్యాక నాలుగు. కడుపులో తిప్పుతుందంది. ఈసారి నెలసరి వారం ముందో వెనకో రావచ్చు, భయపడొద్దని కూడా అంది.

అమ్మ అన్నీ తెలుగులో చెప్పింది, ఆ ఆఖరి మాట తప్ప. సరిగ్గా అప్పుడే కాంపౌండరు సూరిబాబు సూదుల ట్రేతో లోపలికొచ్చాడు. తెలుగువాడు. డాక్టరమ్మ హిందీలో అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. అదే మాట తెలుగులో, మగాడి ముందు అనడానికి అమ్మకు నోరు రాలేదు. గేటు దగ్గర చెబుదామనుకుంది. ఇంతలో ఒక కాన్పు కేసు రిక్షాలో దిగింది.

రమణమ్మ వాళ్లింట్లో నెలనెలా మూడు రోజులు పెరటి వరండాలో చాప మీద విడిగా కూర్చోవాలి. అందుకే కోడలి తేదీలు అత్తకు కంఠోపాఠం. ఆ నెల చాప పరవలేదు. తేదీ దాటిన ఐదో రోజున బంగారమ్మ జిలేబీలు తెచ్చి క్వార్టర్ల లైనంతా పంచిపెట్టింది. మాత్రలు పనిచెయ్యలేదనుకుంది రమణమ్మ. పట్టాలవతల ఒక మంత్రసాని దగ్గరికి వెళ్లి కడుపు తీయించుకోబోయింది. మూడు రోజులకు మా డాక్టరమ్మ దగ్గరికి మోసుకొచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. సాయంత్రానికి పోయింది.

"పేట్ మే కుఛ్ థా హీ నహీ" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. కడుపులో అసలేమీ లేదట. ఆ మాట బంగారమ్మకు తెలుగులో చెప్పాల్సింది మళ్లీ మా అమ్మే. చెప్పింది.

ఆ తర్వాత నా నెలసరి రోజుల్లో మా పెరటి వరండాలో నన్ను చాప పరవనివ్వలేదు అమ్మ. అక్కడ రమణమ్మ ఉందనేది. "అదిగో, మోకాళ్ల మీద తలెట్టుకుని తేదీ లెక్కెడతంది." నాకు భయమేసేది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చేది. డాక్టరమ్మ దగ్గర ఆ మాత్రలు తీసుకున్న ప్రతి మనిషినీ అమ్మ గేటుదాకా లాక్కెళ్లి, రిక్షావాళ్లు వింటున్నా సరే అరిచేది. "నెల వారం అటూ ఇటూ అవుతాది. అప్పటికీ రాకపోతే నా దగ్గరికే రా, మరెక్కడికీ ఎల్లకు!"

2000లో అమ్మ మంచాన పడింది. సూరిబాబు చూడ్డానికొచ్చాడు. అప్పుడు చెప్పింది ఆయనకు, మొదటిసారి.

"నువ్వొచ్చీసినావని సిగ్గుపడి ఆ మాట మింగీసినాను బాబూ."

ఆయన మంచం దగ్గరికి జరిగాడు.

"డాక్టరమ్మ చెప్పిందీ ఇన్నాను, నువ్వు చెప్పలేదనీ తెలుసు పైడమ్మత్తా. మాత్రల పొట్లం నా చేత్తోనే ఇచ్చాను. ఆడమనిషితో ఎలా అనాలని తలొంచుకున్నాను."

అమ్మ మెల్లగా వరండా వైపు తిరిగింది.

"ఇన్నావా రవణమ్మా," అంది, "ఇద్దరికీ తెలుసంట."