గొట్టం పెట్టి వినే బాబాయి

మా బాబాయి కారుని చూసి బాగుచేయడు, విని బాగుచేస్తాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళలో ఆయన్ని ఎరిగిన ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. ఆయన దగ్గర మూరెడు రబ్బరు గొట్టం ఒకటుంటుంది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బ్యురేటర్ మూతి దగ్గర ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. ఇంజను గాలి పీల్చే చోటు అదే కాబట్టి లోపల్నుంచి సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది. ఆయన కారుకి కార్బ్యురేటర్లు రెండు. ముందు రెండు సిలిండర్లకి ఒకటి, వెనక రెండింటికి ఒకటి. రెండు బుసలూ సమానంగా ఉంటే ఇంజను కుదురుగా తిరుగుతుంది. ఒకటి ఎక్కువై ఒకటి తక్కువైతే చలిజ్వరం వచ్చినట్టు బండంతా వణుకుతుంది.

ఈ గాలిని కొలవడానికి ముల్లు తిరిగే మీటర్లు దొరుకుతాయి. నేనే ఒకసారి కొనిస్తానన్నాను.

"మీటరు పెట్టి ట్యూనింగ్ చేసేవాడు థర్మామీటరు ముంచి కాఫీ తాగేవాడితో సమానంరా," అన్నాడు బాబాయి. ఆ తర్వాత నేను ఆ ఊసు ఎత్తలేదు.

కారు చిన్నది. రెండే సీట్లు, గుడ్డ టాపు, పాత ఇటుక రంగు. ఎవరో చనిపోయిన ఆయన షెడ్డులో తుప్పు పట్టి ఉంటే పెళ్ళికి ముందే తెచ్చుకుని, బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ బిగించాడు. తనకంటే ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టింది గనక పిన్ని దాన్ని "ఆవిడ" అంటుంది. "ఆవిడకి నూనె మార్చారా, నాకు పప్పులోకి లేదు," "ఆవిడకి దగ్గు తగ్గిందా," ఇలా ఉంటాయి పిన్ని మాటలు. పిన్ని ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది. కింద ఇంజను, పైన కుట్టుమిషను. ఆదివారం ఆ ఇంటికి వెళ్తే రెండూ పోటీ పడి మోగుతుంటాయి.

కారుండే గది ఇరుకు. ఎడమ పక్కని గోడకి దాదాపు ఆనించి పెడితే గాని కుడి పక్క మనిషి నిలబడే చోటు మిగలదు. అదృష్టం కొద్దీ కార్బ్యురేటర్లు ఉన్నది కుడి పక్కనే. బాబాయి మడ్‌గార్డు మీద పాత దుప్పటి పరిచి, దాని మీదకి వంగి పని చేస్తాడు. నడుము పట్టేసే మనిషి, ఒకసారి వంగాడంటే అటూ ఇటూ తిరగలేడు. అందుకని తన కుడిచేతి వైపు వచ్చే ముందు కార్బ్యురేటర్‌ని కుడి చెవితోనూ, ఎడమచేతి వైపు వచ్చే వెనకదాన్ని ఎడమ చెవితోనూ వింటాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి.

ఉద్యోగం ఐసు ఫ్యాక్టరీలో, కంప్రెసర్ల గదిలో ఆపరేటరు. ఆ గదిలోకి నేనొకసారి వెళ్ళాను. అక్కడ మాటలుండవు, సైగలే. స్విచ్చుల బోర్డు ఒక గోడకి ఉంటుంది. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే కంప్రెసర్లు సరిగ్గా ఎడమ చెవి పక్కనే మోగుతుంటాయి. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన రబ్బరు బిరడాలు బాబాయి సొరుగులో పడి ఉంటాయి. "మిషను ఏమంటోందో విననప్పుడు అక్కడ నేనెందుకు, దిష్టిబొమ్మని కూర్చోబెట్టుకోమను," అనేవాడు.

ఇంత చెప్పింది ఎందుకంటే, కారు పొగ పరీక్షలో తప్పింది. ఒకసారి కాదు, వరసగా రెండుసార్లు. రెండోసారి నేనూ వెంట వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు సైలెన్సర్‌లో గొట్టం దూర్చి, తెర మీద అంకెలు చూసి, మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇది కారా, బొగ్గుల కుంపటా?"

"లోపల చిన్న తేడా ఉందండీ. పట్టుకుంటాను," అన్నాడు బాబాయి.

"తొందరగా పట్టుకోండి. నెల టైమిస్తున్నా. మూడోసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. నంబరు ప్లేట్లు ఇక్కడే ఊడదీస్తాం."

"మళ్ళీ చేయించుకోవచ్చు కదండీ?"

"ఇంత పాతవాటికి మళ్ళీ ఇవ్వరు. లారీ మీద ఎక్కించుకుపోయి ఇంట్లో బొమ్మలా పెట్టుకోవడమే."

ఇంటికి వస్తున్నంతసేపూ బాబాయి ప్రతి గేరుకీ తల కొంచెం పక్కకి వంచి వింటూనే ఉన్నాడు.

ఆ నెల ఆయన చేసిన పని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ప్లగ్గులు విప్పితే వెనక రెండూ మసి, ముందు రెండూ సున్నం కొట్టినట్టు తెలుపు. వెనక పెట్రోలు ఎక్కువ మండుతోంది, ముందు చాలడం లేదు. ప్లగ్గులు మార్చాడు. వాటి తీగలు మార్చాడు. కార్బ్యురేటర్లు రెండూ విప్పి, లోపలి సన్నటి సూదుల్ని భూతద్దంతో చూసి, కొత్తవి తెప్పించాడు. గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని అతుకుల మధ్యనుండే గాస్కెట్లు పీకి కొత్తవి వేశాడు. పెట్రోలు ట్యాంకు దించి కడిగాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, నేరుగా కింద గదిలోకే.

ప్రతిసారీ ఒకటే కథ. అన్నీ బిగించి స్టార్ట్ చేయగానే ఇంజను కాస్త బాగానే తిరిగేది. బాబాయి మొహం విప్పారేది. అప్పుడు గొట్టం తీసి, ముందుది విని, వెనకది విని, "వెనకది నీరసంగా ఉంది," అని గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్ళేలా దాని స్క్రూ కొంచెం తెరిచేవాడు. మళ్ళీ వినేవాడు, మళ్ళీ కొంచెం తెరిచేవాడు. రెండూ సమానమయ్యాయని ఆయనకి తృప్తి కలిగేసరికి ఇంజను వణకడం మొదలెట్టేది.

"ఇందాక బాగుంది కదా బాబాయ్," అంటే, "చల్లగా ఉన్నప్పుడు ఏ ఇంజనైనా మర్యాదగానే ఉంటుంది. వేడెక్కాకే అసలు బుద్ధి," అనేవాడు. నాకూ సబబుగానే అనిపించింది. పొగా వణుకూ తగ్గించడానికి, అసలే నీరసమనుకున్న వెనకదాన్ని ముట్టుకోలేక, ప్లగ్గులు తెల్లబడ్డా సరే ముందుదానికే పెట్రోలు తగ్గించి చూసేవాడు. వణుకు కొంచెం మారేది, పోయేది కాదు. మళ్ళీ మొత్తం విప్పేవాడు.

పరీక్ష ఆ వారంలోనే అనగా ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్ని కాఫీ తెచ్చింది. ఇంజను నడుస్తోంది. బాబాయి వెనక కార్బ్యురేటర్ మీద వంగి, ఎడమ చెవిలో గొట్టంతో ఉన్నాడు. పిన్ని తలుపు దగ్గర్నుంచి రెండుసార్లు పిలిచింది. పలకలేదు. చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకి వచ్చి మూడోసారి పిలిస్తే తలెత్తాడు.

"మళ్ళీ వెనకదే. ప్రాణం లేదు దానికి," అన్నాడు.

"ఇలా ఇవ్వండి. ఆవిడ ఏమంటుందో నేనూ వింటాను."

"నీకేం తెలుస్తుందే."

"మీ కూతలన్నీ వింటున్నదాన్ని, దీని కూత వినలేనా," అని గొట్టం లాక్కుంది పిన్ని. ముందుది వింది. అదే చెవితో వెనకది వింది. మళ్ళీ ముందుది. "ఇదేనా నీరసం? వెనకది పాములా బుసకొడుతోంది. ముందుదే పాపం ఊపిరి తీస్తోందా లేదా అన్నట్టుంది."

బాబాయి నవ్వాడు. "కుట్టుమిషను చెవి నీది. రేయ్, నువ్వు విను. విని మీ పిన్నికి చెప్పు."

నేను విన్నాను. పిన్ని చెప్పిందే నిజం. తేడా ఎంత ఉందంటే గొట్టం కూడా అక్కర్లేదు. చెప్పడానికి నోరు రాక గొట్టం ఆయన చేతిలో పెట్టేశాను. నా మొహం చూసి ఆయన నవ్వు ఆగిపోయింది.

నడుం పట్టుకుని, కారు ముందు అద్దం మీద దాదాపు పడుకుని, మెడ మెలితిప్పి, బాబాయి వెనకదాన్ని కుడి చెవితో విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత గొట్టం ఎడమ చెవిలోకి మార్చుకుని, స్క్రూ ముట్టుకోకుండా, అదే చోట ఆనించాడు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. ఆ తర్వాత తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. గదిలో పెట్రోలు వాసన, చల్లారుతున్న ఇనుము టిక్కుటిక్కుమనడం. అది ఆయనకి వినిపించిందో లేదో నాకు తెలియదు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు పిన్నిని.

"నేను మీకు ఏ పక్కన కూర్చుంటానో, ఏ పక్కన పడుకుంటానో చూసుకోండి. మంచం అటు తిప్పించింది ఎందుకనుకున్నారు?"

"గాలి రావడం లేదన్నావు కదా."

"గాలి బాగానే వచ్చేది."

"నువ్వు గొణుగుతున్నావేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"గొణగలేదండీ. అరుస్తూనే ఉన్నాను," అంది పిన్ని మెల్లగా. ఆ మాట కుడి పక్క నుంచే అంది.

కాఫీ మీద మీగడ కట్టింది. ఎవరూ తాగలేదు.

పరీక్షకి ఇంకా వ్యవధి ఉంది గనక ఆయన పట్టు వదల్లేదు. మర్నాడు సాయంత్రం పిన్ని విని చెప్పింది, ఆయన స్క్రూ తిప్పాడు. "ఇంకొంచెం మూయండి. ఇంకాస్త. అయ్యో, ఎక్కువైంది. ఆ, ఇప్పుడు అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి." పొగ తగ్గింది. వణుకు మాత్రం పోలేదు. నాలుగు అడుగులకి ఒక అడుగు కుంటినట్టు, ఇంజను ప్రతి చుట్టుకీ ఒకచోట తూలుతోంది. ఈ తూలుడు వినడానికి చెవి అవసరం లేదు, మడ్‌గార్డు మీద చెయ్యి వేస్తే చాలు.

సిలిండర్లలో ఒత్తిడి చూసే గేజీ నేను ఒకరి దగ్గర అడిగి తెచ్చాను. బాబాయి ఈసారి మీటరు గురించి ఏమీ అనలేదు. ప్లగ్గు విప్పిన రంధ్రంలో దాన్ని బిగించి ఇంజను తిప్పితే ముల్లు పైకి లేవాలి. వెనక రెండింటిలోనూ లేచింది. రెండోదాంట్లో లేచింది. అన్నిటికంటే ముందున్న మొదటిదాంట్లో కొంచెం కదిలి, పడిపోయింది.

బాబాయి మడ్‌గార్డు మీద రెండు చేతులూ ఆనించి తల దించుకున్నాడు.

"వాల్వు కాలిపోయింది, ఒత్తిడి నిలవడం లేదు," అన్నాడు. "పెట్రోలు తక్కువైతే మంట వేడెక్కుతుంది. ముందుదానికి పెట్రోలు కోసింది ఎవరు? నేనే. నెల్లాళ్ళుగా రోజూ కూర్చుని, కొంచెం కొంచెంగా, నా చేత్తో కాల్చాను."

"తెలిసి చేశావా బాబాయ్?"

"తెలిసి చేసినా ఇంత శ్రద్ధగా చేసేవాణ్ణి కాదు."

వాల్వు మార్చాలంటే ఇంజను పైభాగం మొత్తం ఊడదీయాలి. ఆ కారు వాల్వు ఏ దుకాణంలోనూ దొరకదు, ఎక్కడినుంచో తెప్పించాలి. గడువు పెంచమని అడగడానికి వెళ్తే, పెంచే అధికారం తనకి లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. అయినా చెప్పిన రోజున తీసుకెళ్ళాం. దారిలో ఎత్తు వచ్చినచోటల్లా కారు ఆగిపోతుందేమో అన్నట్టు ఎక్కింది. తెర మీద అంకెలు చూసి ఇన్‌స్పెక్టరు ఈసారి జోకు వేయలేదు. బాబాయి స్క్రూడ్రైవరు తనే తీసి, ముందు ప్లేటూ వెనక ప్లేటూ తనే విప్పి, చొక్కా కొసతో తుడిచి బల్ల మీద పెట్టాడు. కారుని లారీ మీదకి ఎక్కిస్తుంటే రోడ్డు అవతలకి వెళ్ళి నిలబడ్డాడు.

అంతటితో ఆగి ఉంటే ఎలాగో సర్దుకునేవాడేమో. చెవుల డాక్టరు దగ్గరికి పిన్నే తీసుకెళ్ళింది. ఎడమ చెవి దాదాపు పోయిందని, కుడిదాంట్లోనూ సన్నటి శబ్దాలు పోతున్నాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు చెప్పాడట. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయన్నాడట. మాటల గురించి బాబాయి ఏమీ అడగలేదట. గాలి బుస వినిపిస్తుందా అని అడిగితే, డాక్టరుకి ఆ ప్రశ్నే అర్థం కాలేదట.

మర్నాడు బాబాయి ఫ్యాక్టరీ మేనేజరు గదికి వెళ్ళి, తనని కంప్రెసర్ల దగ్గర్నుంచి తీసేయమన్నాడు.

"ఎందుకండీ, మీ మీద ఎవరూ ఏమీ అనలేదే?" అన్నాడట ఆయన.

"అక్కడ గ్యాసు లీకైతే మొదట సన్నగా ఈల వేస్తుందండీ. అది వినడానికే నన్ను పెట్టారు. నా కారుని నేనే చంపుకున్నాను, అది నా సొంతం, సరిపోయింది. లోపల పనిచేసే వాళ్ళు నా సొంతం కారు కదా."

ఇప్పుడు ఆయన ఐసు దిమ్మలు లారీల్లోకి ఎక్కించే చోట, గేటు దగ్గర కూర్చుంటున్నాడు. లారీ వస్తే గేటు తీయడం, వెళ్తే వేయడం. కింద గదికి తాళం. ఆదివారాలు పైన కుట్టుమిషను ఒక్కటే మోగుతుంది, అదీ కాసేపే. ఆయన పక్కన కూర్చున్నప్పుడు పిన్ని దాన్ని ఆపేస్తోంది.

నేను మొన్న వెళ్ళినప్పుడు ఫోను మోగింది. వేరే ఊళ్ళో ఒకాయన, ఆయనకీ అదే మోడల్ కారు. బాబాయి పేరు ఎవరో చెప్పారట. "మీరు వింటే చాలట కదా సార్. ఒక్క నిమిషం, ఫోను ఇంజను దగ్గర పెడతాను," అన్నాడు. స్పీకర్లో ఆ మాటలు నాకూ వినిపించాయి. తర్వాత ఇంజను శబ్దం. లోపల ఎక్కడో చిన్న కిచకిచ. నాకే తెలుస్తోంది అది.

బాబాయి ఫోను కుడి చెవికి నొక్కి పెట్టుకుని, అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. పిన్ని గుమ్మంలో చేతిలో కత్తెరతో నిలబడిపోయింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, విడిపోయాయి, మళ్ళీ ముడిపడ్డాయి. అవతల ఆయన ఇంజను ఆపి, "చెప్పండి సార్, ఏమంటారు?" అన్నాడు ఆశగా.

"బాగానే ఉన్నట్టుందండీ నాకు," అన్నాడు బాబాయి. కళ్ళు తెరిచి, "నా మాట మాత్రం నమ్మకండి. ఇంకెవరికైనా వినిపించండి," అని ఫోను పెట్టేశాడు.